యూరప్ రాజవంశాల వార్షికోత్సవాలు: తరచుగా అడిగే ప్రశ్నలు

"చరిత్రలో ఈ రోజు" శీర్షికలు రాసేవాళ్ళు, క్విజ్‌లు తయారు చేసేవాళ్ళు, పోటీ పరీక్షలకు చదివేవాళ్ళు, పాత నాణేలు సేకరించేవాళ్ళు అడిగే సందేహాలు దాదాపు ఒకే రకంగా ఉంటాయి. ఒక్కో రాజుకు రెండు మూడు తేదీలు కనిపిస్తాయి, ఏది రాయాలి? చాలాసార్లు అన్నీ సరైనవే. ఏ తేదీ దేనికి సంబంధించిందో చెప్పకపోవడం వల్లే తప్పు దొర్లుతుంది. ఏ ప్రశ్నకు ఆ ప్రశ్న విడిగా చదువుకోవచ్చు.

## ఏ తేదీ పట్టుకోవాలి

రాజ్యానికి వచ్చిన తేదీ ఒకటి, పట్టాభిషేకం తేదీ ఇంకొకటి. పాలన ఎప్పటి నుంచి లెక్కేయాలి?

రాజ్యానికి వచ్చిన రోజు నుంచే. బ్రిటన్‌లో పాత పాలకుడు కన్నుమూసిన క్షణానే వారసుడు రాజవుతాడు. పట్టాభిషేకం ఆ తర్వాత నెలలు గడిచాక తీరిగ్గా జరిపే మతపరమైన క్రతువు. రెండో ఎలిజబెత్ 1952 ఫిబ్రవరి 6న కెన్యాలో ఉండగానే రాణి అయ్యారు. కిరీటధారణ 1953 జూన్ 2న జరిగింది. మూడో చార్లెస్‌కు ఈ రెండు తేదీలు 2022 సెప్టెంబర్ 8, 2023 మే 6. మధ్యలో సెప్టెంబర్ 10 కూడా కనిపిస్తుంది. అది లాంఛనంగా ప్రకటించిన రోజు. జూబిలీలు మాత్రం ఎప్పుడూ మొదటి తేదీని బట్టే.

మన పత్రికల్లో ఎవరు గద్దెనెక్కినా "పట్టాభిషిక్తుడయ్యాడు" అని రాసే అలవాటుంది. ఈనాటి యూరప్‌లో కిరీటం పెట్టి పట్టాభిషేకం చేసే దేశం బ్రిటన్ ఒక్కటే. స్వీడన్‌లో చివరి పట్టాభిషేకం 1873లో, నార్వేలో 1906లో జరిగాయి. స్పెయిన్ రాజును పార్లమెంటు ముందు ప్రకటిస్తారు. 1973 సెప్టెంబర్ 15న రాజైన స్వీడన్ 16వ కార్ల్ గుస్తావ్‌కు పట్టాభిషేక వార్షికోత్సవం అని రాస్తే, జరగని వేడుకకు వార్షికోత్సవం చేసినట్టే.

ఏడో ఎడ్వర్డ్ పట్టాభిషేకం కప్పు మీద 1902 జూన్ 26 అని ఉంది, పుస్తకంలో ఆగస్టు 9 అని ఉంది. కప్పు నకిలీదా?

ఈ తేదీ తేడాను బట్టి మాత్రం నకిలీ అనలేం. పట్టాభిషేకానికి మొదట పెట్టుకున్న ముహూర్తం జూన్ 26. దానికి రెండు రోజుల ముందు రాజుకు అపెండిక్స్ శస్త్రచికిత్స చేయాల్సి రావడంతో ఆగస్టు 9కి వాయిదా వేశారు. అప్పటికే కప్పులు, పతకాలు తయారైపోయాయి. ఇంకో చిత్రం: ఎనిమిదో ఎడ్వర్డ్ పట్టాభిషేకానికి 1937 మే 12 నిర్ణయించారు. 1936 డిసెంబర్‌లో ఆయన గద్దె దిగిపోతే, అదే తేదీన తమ్ముడు ఆరో జార్జికి కిరీటం పెట్టారు. అన్న పేరుతో తయారైన కప్పులు కూడా మార్కెట్లో మిగిలిపోయాయి. వస్తువు మీద ఉన్న తేదీ అనుకున్న ముహూర్తానిది, వార్షికోత్సవానికి జరిగిన తేదీ తీసుకోవాలి.

బెల్జియం రాజు చనిపోయిన రోజే కొత్త రాజు పాలన మొదలైందని రాస్తే తప్పంటున్నారు. ఎందుకు?

బెల్జియంలో పార్లమెంటు ముందు ప్రమాణం చేస్తేనే రాజు అవుతాడు. ఆ మధ్య రోజుల్లో దేశానికి రాజే ఉండడు. రెండో లియోపోల్డ్ 1909 డిసెంబర్ 17న మరణిస్తే మొదటి ఆల్బర్ట్ డిసెంబర్ 23న ప్రమాణం చేశాడు. బోదువాన్ 1993 జూలై 31న పోతే రెండో ఆల్బర్ట్ ఆగస్టు 9న. బెల్జియం జాతీయ దినం జూలై 21 కూడా ప్రమాణం తేదీయే: 1831లో మొదటి లియోపోల్డ్ ప్రమాణం చేసిన రోజది. 2013లో రెండో ఆల్బర్ట్ గద్దె దిగడానికీ, ఫిలిప్ ప్రమాణానికీ అదే రోజును ఎంచుకున్నారు.

రాజు దేశంలోనే లేడు, పాలించలేదు. అయినా ఆ ఏళ్ళు పాలనలో కలుపుతున్నారేమిటి?

రాచరికం ఎన్నడూ తెగిపోలేదని చూపించుకోవడానికి. ఇంగ్లాండ్‌లో మొదటి చార్లెస్‌ను 1649 జనవరి 30న ఉరితీయలేదు, తల నరికారు (తెలుగు క్విజ్‌లలో ఈ తప్పు తరచూ కనిపిస్తుంది). కొడుకు రెండో చార్లెస్ లండన్‌లో అడుగుపెట్టింది 1660 మే 29న, తన 30వ పుట్టినరోజున. కానీ ఆయన చట్టాల మీద 1660ని పాలనలో 12వ ఏడుగా వేశారు. అంటే లెక్క తండ్రి చనిపోయిన రోజు నుంచి. ఫ్రాన్స్‌లో 18వ లూయీ ఇదే పని ఇంకా ధీమాగా చేశాడు. విప్లవకాలంలో చెరలో చనిపోయిన పిల్లవాడిని 17వ లూయీగా లెక్కేసి, ఆ మరణం జరిగిన 1795 జూన్ నుంచి తన పాలన మొదలుపెట్టుకుని, 1814ను తన పాలనలో 19వ ఏడన్నాడు. క్విజ్‌కు రాసేటప్పుడు "నిజంగా గద్దెనెక్కిన తేదీ" అని స్పష్టంగా అడిగితే గొడవ ఉండదు.

డిసెంబర్ 2, జనవరి 18 పదేపదే కనిపిస్తున్నాయి. కాకతాళీయమా?

కొంత కాకతాళీయం, ఎక్కువ భాగం కావాలని చేసింది. నెపోలియన్ చక్రవర్తిగా కిరీటం పెట్టుకున్నది 1804 డిసెంబర్ 2న. సరిగ్గా ఏడాదికి ఆస్టర్లిట్జ్ యుద్ధం గెలిచాడు. ఆయన అన్న కొడుకో తమ్ముడి కొడుకో అని తడబడకండి, తమ్ముడి కొడుకే: లూయీ నెపోలియన్. ఆ తేదీకున్న పేరు వాడుకోవడానికే 1851 డిసెంబర్ 2న అధికారం చేజిక్కించుకుని, 1852లో అదే రోజున మూడో నెపోలియన్‌గా ప్రకటించుకున్నాడు. ఆస్ట్రియా ఫ్రాంజ్ జోసెఫ్ 1848లో అదే తేదీన గద్దెనెక్కాడు గానీ దానికీ వీళ్ళకూ సంబంధం లేదు.

జనవరి 18 ప్రష్యాది. 1701లో కోనిగ్స్‌బర్గ్‌లో మొదటి ప్రష్యా రాజు పట్టాభిషేకం జరిగిన రోజు. 170 ఏళ్ళకు, 1871లో, వెర్సాయి రాజప్రాసాదంలో జర్మన్ చక్రవర్తిని ప్రకటించడానికి అదే రోజును ఎంచుకున్నారు. చట్టం ప్రకారం మాత్రం ఆ సామ్రాజ్యం 1871 జనవరి 1నే అమల్లోకి వచ్చింది. అందుకే రెండు తేదీలూ కనిపిస్తాయి.

## పాత క్యాలెండర్, కొత్త క్యాలెండర్

రష్యా జార్ల తేదీలు ఒక్కో చోట ఒక్కోలా ఉన్నాయి. ఎన్ని రోజులు కలపాలి?

రష్యా 1918 దాకా జూలియన్ (పాత) క్యాలెండర్ వాడింది. ఆ ఏడు జనవరి 31 తర్వాత నేరుగా ఫిబ్రవరి 14 వచ్చింది. మార్చడానికి ఈ వరుస పాటించండి. ముందుగా మీ దగ్గరున్న తేదీ ఏ క్యాలెండర్‌దో తేల్చుకోండి. పాతదే అయితే, ఘటన జరిగిన కాలాన్ని బట్టి కలపండి: 1700 ఫిబ్రవరి వరకు 10 రోజులు, అక్కడి నుంచి 1800 ఫిబ్రవరి వరకు 11, 1900 ఫిబ్రవరి వరకు 12, ఆ తర్వాత 13.

ఉదాహరణకు, కేథరిన్ ది గ్రేట్ పుట్టింది పాత లెక్కలో 1729 ఏప్రిల్ 21న. 11 కలిపితే మే 2. తప్పులు రెండు రకాలుగా జరుగుతాయి. అన్ని శతాబ్దాలకూ 13 కలిపేసి మే 4 అంటారు. లేదా అప్పటికే మార్చిన మే 2ను పాత తేదీ అనుకుని మళ్ళీ 11 కలిపి మే 13కు తీసుకెళతారు. రెండోది పట్టుకోవడం కష్టం, ఎందుకంటే లెక్క సరిగ్గానే ఉంటుంది.

రొమనోవ్ వంశం 1613 మార్చి 3న మొదలైతే 300 ఏళ్ళ పండుగ 1913 మార్చి 6న ఎందుకు చేశారు?

రష్యన్లకు రెండూ ఫిబ్రవరి 21లే. మిఖాయిల్ రొమనోవ్‌ను జార్‌గా ఎన్నుకున్న రోజు పాత క్యాలెండర్‌లో 1613 ఫిబ్రవరి 21. ఆ శతాబ్దంలో తేడా 10 రోజులు, కాబట్టి మార్చి 3. 1913 నాటికి తేడా 13 రోజులకు పెరిగింది, కాబట్టి అదే ఫిబ్రవరి 21 కొత్త క్యాలెండర్‌లో మార్చి 6 అయింది. ఈ పండుగకు ఫాబెర్జే సంస్థ చేసిన ఈస్టర్ గుడ్డు మీద 18 మంది రొమనోవ్ పాలకుల బుల్లి చిత్రాలున్నాయి. నాలుగేళ్ళకే, 1917 మార్చి 15న (పాత లెక్కలో 2న) రెండో నికోలస్ గద్దె దిగాడు.

మొదటి చార్లెస్ శిరచ్ఛేదం 1648లో జరిగిందా, 1649లోనా?

నేటి లెక్కలో 1649. అప్పటి ఇంగ్లాండ్‌లో కొత్త సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది, కాబట్టి జనవరి 30 ఇంకా 1648లోనే ఉంది. నాటి పత్రాల్లో 1648 అని ఉండటం అందుకే. మొదటి ఎలిజబెత్ 1603 మార్చి 24న మరణించింది. ఆనాటి వాళ్ళకు అది 1602లో ఆఖరి రోజు. స్కాట్లాండ్ 1600 నుంచే జనవరి 1కి మారింది కనుక అక్కడి పత్రాలు వేరే ఏడు చూపిస్తాయి. ఇంగ్లాండ్ చరిత్రలో 1752కు ముందు జనవరి 1 నుంచి మార్చి 24 లోపు తేదీ కనిపిస్తే ఏడును ఒకసారి సరిచూసుకోవాలి.

1582కు ముందు తేదీలు కూడా మార్చాలా? హేస్టింగ్స్ యుద్ధం అక్టోబర్ 14 కదా?

మార్చకూడదు. ఇప్పుడు మనం వాడే గ్రెగోరియన్ (కొత్త) క్యాలెండర్ 1582 అక్టోబర్‌లో పుట్టింది. అంతకు ముందు తేదీలను ఉన్నవున్నట్టే ఉంచుతారు. 1066 అక్టోబర్ 14న హేస్టింగ్స్, అదే ఏడు డిసెంబర్ 25న ఆ యుద్ధం గెలిచిన విలియం పట్టాభిషేకం, 1523 జూన్ 6న గుస్తావ్ వాసాను స్వీడన్ రాజుగా ఎన్నుకోవడం, అన్నీ జూలియన్ తేదీలే. స్వీడన్ జాతీయ దినం ఇప్పటికీ జూన్ 6.

1582 తర్వాత, దేశం మారేలోపు తేదీలకు పద్ధతి స్థిరంగా లేదు. మూడో జార్జి 1738 మే 24న పుట్టాడు. 1752లో బ్రిటన్ సెప్టెంబర్ 2 తర్వాత 14కు దూకింది కాబట్టి ఆపై పుట్టినరోజు జూన్ 4న చేశారు. విలియం ఆఫ్ ఆరెంజ్ 1688లో ఇంగ్లాండ్ తీరాన దిగిన తేదీని మాత్రం ఇంగ్లాండ్ పుస్తకాలు నవంబర్ 5గానే రాస్తాయి, అప్పటి హాలండ్ లెక్కలో అది నవంబర్ 15. ఐర్లాండ్‌లో ఆయన గెలిచిన బోయిన్ యుద్ధం (1690 జూలై 1) కొత్త లెక్కలో జూలై 11. ఉత్తర ఐర్లాండ్‌లో ఊరేగింపులు జూలై 12న. లెక్క తప్పింది కదా అని వాళ్ళ పండుగను మీరు ఒక రోజు ముందుకు జరపకండి.

## జూబిలీల లెక్క

స్వర్ణోత్సవం 50వ ఏడు మొదలవగానేనా, 50 ఏళ్ళు నిండాకా?

ఇప్పుడు అందరూ నిండాకే చేస్తున్నారు, మన షష్టిపూర్తిలాగే. కానీ మూడో జార్జి స్వర్ణోత్సవం 1809 అక్టోబర్ 25న చేశారు. ఆయన రాజైంది 1760 అక్టోబర్ 25న. అంటే 49 ఏళ్ళు నిండి, 50వ ఏడు మొదలైన రోజు. విక్టోరియా 1837 జూన్ 20న రాణి అయింది, స్వర్ణోత్సవం 1887 జూన్‌లో, సరిగ్గా 50 నిండాక. ఇద్దరి తేదీలూ ఒకే సూత్రంతో తీయబోతే ఒకటి తప్పుతుంది.

వజ్రోత్సవం 60 ఏళ్ళకా, 75కా?

పాత వాడుకలో 75. రాచరికంలో దాన్ని 60కి స్థిరపరిచింది విక్టోరియా వేడుకే. 1896 సెప్టెంబర్ 23న ఆమె మూడో జార్జిని దాటి బ్రిటన్‌లో అత్యధిక కాలం ఏలిన పాలకురాలైంది. ఆ వేడుకను 60 ఏళ్ళు నిండేదాకా ఆపమని ఆమే కోరింది. 1896, 1897 రెండూ కనిపించడానికి కారణం ఇదే. అసలు వేడుక 1897 జూన్ 22న. రాణి నడవలేని స్థితిలో ఉండటంతో సెయింట్ పాల్ చర్చి లోపలికి వెళ్ళకుండా, బయట బండిలో కూర్చునే ప్రార్థనలో పాల్గొంది. రెండో ఎలిజబెత్‌తో ఈ వరుస ఇంకా పెరిగింది: 65కు నీలం (2017), 70కి ప్లాటినం (2022).

ఎలిజబెత్ రాణి ఫిబ్రవరిలో గద్దెనెక్కితే జూబిలీలు జూన్‌లో ఎందుకు?

ఒకటి వాతావరణం, ఫిబ్రవరి లండన్‌లో ఊరేగింపు తీయడం కష్టం. రెండోది, ఫిబ్రవరి 6 ఆమె తండ్రి వర్ధంతి కూడా. ఆ రోజును ఆమె సాధారణంగా సాండ్రింగ్‌హామ్‌లో నిశ్శబ్దంగా గడిపేవారు. తుపాకుల వందనం మాత్రం ఆ రోజే ఉండేది: హైడ్ పార్క్‌లో లేదా గ్రీన్ పార్క్‌లో 41, లండన్ టవర్‌లో 62. ఆదివారం పడితే మర్నాటికి మారేది. "జూబిలీ ఎప్పుడు?" అన్న ప్రశ్నకు ఏళ్ళు నిండిన తేదీ, జనం పండుగ చేసుకున్న తేదీ రెండూ ఇవ్వడం మంచిది.

అందరికన్నా ఎక్కువ కాలం ఏలింది ఎలిజబెత్ కాదా?

కాదు, ఫ్రాన్స్ 14వ లూయీ. 1643 మే 14 నుంచి 1715 సెప్టెంబర్ 1 వరకు: 72 ఏళ్ళ 110 రోజులు. ఎలిజబెత్‌ది 70 ఏళ్ళ 214 రోజులు. లెక్క ఇలా చేయాలి: మొదటి తేదీ నుంచి చివరి వార్షికోత్సవం దాకా నిండు ఏళ్ళు, అక్కడి నుంచి మిగిలిన రోజులు. మొత్తం రోజుల్ని 365తో భాగిస్తే లీపు రోజుల వల్ల తప్పుతుంది. లూయీ గద్దెనెక్కేనాటికి నాలుగేళ్ళ పిల్లవాడు, తల్లి పాలన నడిపింది. స్వయంగా పగ్గాలు పట్టింది 1661లో మంత్రి మజారిన్ చనిపోయాకే. "అత్యధిక కాలం పాలించిన" కన్నా "అత్యధిక కాలం రాజుగా ఉన్న" అని రాస్తే వివాదం రాదు.

ఫ్రాంజ్ జోసెఫ్ 50, 60 ఏళ్ళ వేడుకలను హంగరీ ఎందుకు పట్టించుకోలేదు?

హంగరీ దృష్టిలో 1848 డిసెంబర్ 2న ఆయన తమ రాజు కాలేదు. అప్పుడు అక్కడ తిరుగుబాటు నడుస్తోంది. ఆస్ట్రియాతో రాజీ కుదిరాక, 1867 జూన్ 8న బుడాలో జరిగిన పట్టాభిషేకమే వాళ్ళకు లెక్క. ఇక ఆస్ట్రియాలోనైనా 1898 స్వర్ణోత్సవం సవ్యంగా సాగలేదు: సెప్టెంబర్ 10న జెనీవాలో మహారాణి ఎలిజబెత్ (సిసీ) హత్య జరగడంతో మిగిలిన వేడుకలు ఆగిపోయాయి. 1908 జూన్ 12న వియన్నా రింగ్‌స్ట్రాసె మీద తీసిన భారీ ఊరేగింపు 60 ఏళ్ళది. పాత ఫొటోలు ఈ రెండింటి పేర్లూ మార్చుకుని తిరుగుతుంటాయి. ఊరేగింపు కనిపిస్తే ముందు 1908ని అనుమానించండి.

## ఇప్పటి రాజ్యాల పండుగ రోజులు

నెదర్లాండ్స్ రాజు పుట్టినరోజు ఏప్రిల్ 27, పండుగ 26న చేశారేమిటి?

ఏప్రిల్ 27 ఆదివారం పడితే శనివారం 26నే చేస్తారు. 2014లో, 2025లో అలాగే జరిగింది. 2013 వరకు ఈ పండుగ ఏప్రిల్ 30న ఉండేది. అది బియాట్రిక్స్ రాణి పుట్టినరోజు అనుకుంటారు. కాదు, ఆమె తల్లి యులియానాది. బియాట్రిక్స్ పుట్టింది జనవరి 31న, ఆరుబయట సంతలు పెట్టుకునే చలి కాదది.

లక్సెంబర్గ్, మొనాకో, లీచ్‌టెన్‌స్టైన్ జాతీయ దినాలు ఎవరి పుట్టినరోజులు?

ఇప్పటి పాలకుల్లో ఎవరివీ కావు. లక్సెంబర్గ్ జూన్ 23: అప్పటి పాలకురాలు షార్లట్ పుట్టినరోజు జనవరి 23 చలికాలంలో పడుతోందని 1961లో అయిదు నెలలు జరిపారు. మొనాకో నవంబర్ 19: సెయింట్ రైనియర్ పేరు మీదున్న రోజు, మూడో రైనియర్ పోయాక కొడుకు రెండో ఆల్బర్ట్ అలాగే ఉంచారు. లీచ్‌టెన్‌స్టైన్ ఆగస్టు 15: అక్కడి పాత పాలకుడు రెండో ఫ్రాంజ్ జోసెఫ్ పుట్టింది 16న, ముందు రోజు మేరీమాత పండుగ సెలవు కాబట్టి రెండూ కలిపేశారు.

డెన్మార్క్ రాణి 52 ఏళ్ళకు సరిగ్గా అదే తేదీన ఎలా దిగిపోయారు?

ఎంచుకునే దిగారు. రెండో మార్గరెతె 1972 జనవరి 14న రాణి అయ్యారు. 2023 డిసెంబర్ 31న టీవీ ప్రసంగంలో నిర్ణయం చెప్పి, 2024 జనవరి 14న పదో ఫ్రెడెరిక్‌కు అప్పగించారు. ఆమె స్వర్ణోత్సవానికి మాత్రం కాలం కలిసిరాలేదు: 2022 జనవరిలో కోవిడ్ వల్ల సెప్టెంబర్‌కు జరిపితే, ఆ వేడుకకు రెండు రోజుల ముందు ఎలిజబెత్ రాణి మరణించారు, మళ్ళీ కుదించాల్సి వచ్చింది.

## వర్ధంతులు

16వ లూయీకి ఇప్పటికీ ప్రార్థనలు జరుగుతాయా? రెండో నికోలస్‌కు?

జరుగుతాయి. 16వ లూయీని గిలటిన్‌కు గురిచేసింది 1793 జనవరి 21న. 1815లో, కావాలనే అదే తేదీన, ఆయన అవశేషాలను, మరీ ఆంత్వానెత్ అవశేషాలను సెయింట్ డెనిస్ చర్చిలో ఖననం చేశారు. నికోలస్ కుటుంబాన్ని యెకాటెరిన్‌బర్గ్‌లో కాల్చి చంపింది 1918 జూలై 17న. అప్పటికే రష్యా క్యాలెండర్ మారిపోయింది, కాబట్టి దీనికి 13 కలిపితే తప్పు. 80 ఏళ్ళకు, 1998 జూలై 17న, సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో ఖననం జరిగింది.

## మన నేల మీద ఆనవాళ్ళు

విజయవాడ విక్టోరియా మ్యూజియం, చెన్నై విక్టోరియా హాల్, హైదరాబాద్ జూబ్లీహాల్ అన్నీ ఒకే జూబిలీవా?

మొదటి రెండే విక్టోరియా స్వర్ణోత్సవానివి. విజయవాడ బందరు రోడ్డులోని విక్టోరియా జూబ్లీ మ్యూజియానికి (ఇప్పుడు బాపు మ్యూజియం) 1887 జూన్ 27న కృష్ణా కలెక్టర్ రాబర్ట్ సీవెల్ శంకుస్థాపన చేశాడు. రాణి పేరున్న ఆ ఆవరణలోనే 1921లో పింగళి వెంకయ్య జెండా నమూనాను గాంధీజీకి అందించారు. చెన్నై హాలుకు 1883లోనే విజయనగరం మహారాజు పూసపాటి ఆనంద గజపతిరాజు శంకుస్థాపన చేశారు. జూబిలీ సందర్భంగా రాణి పేరు తర్వాత వచ్చింది. హైదరాబాద్ జూబ్లీహాల్ 1937లో జరిగిన ఏడో నిజాం రజతోత్సవానిది. బ్రిటన్ రాణులతో దానికి పని లేదు.

1897 వజ్రోత్సవాన్ని మన దేశంలో ఎలా గుర్తుపెట్టుకోవాలి?

లండన్ ఊరేగింపు జరిగిన జూన్ 22 రాత్రే, పుణెలో ప్రభుత్వ భవనంలో జూబిలీ విందు ముగించుకుని వస్తున్న ప్లేగు అధికారి రాండ్‌ను, లెఫ్టినెంట్ అయెర్స్ట్‌ను చాపేకర్ సోదరులు కాల్చారు. అయెర్స్ట్ అక్కడికక్కడే పోయాడు, రాండ్ జూలై 3న. దేశం అప్పుడు కరవులో, ప్లేగులో ఉంది. పరీక్షలో 1897 జూన్ 22 అని వస్తే రెండు ఘటనలూ గుర్తుండాలి.

మా ఇంట్లో 1887 విక్టోరియా రూపాయి ఉంది. జూబిలీ నాణెమేనా?

కాదు, మామూలు వెండి రూపాయే. 1887లో జూబిలీ బొమ్మతో కొత్త నాణేలు వచ్చింది బ్రిటన్‌లో. భారత రూపాయి మీద పాత బొమ్మే కొనసాగింది. బరువు 11.66 గ్రాములు, వెండి 91.7 శాతం. వార్షికోత్సవం వెతుక్కునే వాళ్ళకు పనికొచ్చేది బిరుదులో మార్పు: ఆమెను 1877 జనవరి 1న ఢిల్లీ దర్బారులో భారత సామ్రాజ్ఞిగా ప్రకటించారు. అంతకు ముందు నాణేల మీద "క్వీన్" అని, 1877 నుంచి "ఎంప్రెస్" అని ఉంటుంది. ఇంకో మెలిక: 1862 అని ఉన్న రూపాయలను అదే తేదీతో చాలా ఏళ్ళు ముద్రించారు. నాణెం మీద 1862 ఉన్నంత మాత్రాన ఆ ఏడాదిదని చెప్పలేం.

## రాబోయేవి

వచ్చే పదేళ్ళలో పెద్ద తేదీలు ఏవి?

2027 జనవరి 1: భారత సామ్రాజ్ఞి బిరుదుకు 150 ఏళ్ళు. 2027 మే 21: స్పెయిన్ రెండో ఫిలిప్ పుట్టి 500 ఏళ్ళు. అదే ఏడు విలియం ది కాంకరర్ సహస్రాబ్ది కూడా, కానీ ఆయన పుట్టుక 1027 అనీ 1028 అనీ రెండు మాటలున్నాయి, కాబట్టి రోజు వేయకండి. 2029 మే 2: కేథరిన్ ది గ్రేట్ త్రిశత జయంతి. 2030 ఆగస్టు 18: ఫ్రాంజ్ జోసెఫ్ ద్విశత జయంతి. 2031 జూలై 21: బెల్జియం రాచరికానికి 200. 2033 సెప్టెంబర్ 7: మొదటి ఎలిజబెత్ పుట్టి 500, ఇది జూలియన్ తేదీయే అయినా 1582కు ముందుది, మార్చనక్కర్లేదు. పదేళ్ళు దాటినా ఇంకొకటి రాసిపెట్టుకోవచ్చు, 2037 జూన్ 20: విక్టోరియా గద్దెనెక్కి 200 ఏళ్ళు.